ప్రాగ్ ట్రాములో నేను కొట్టిన చిల్లు

నేను ఒక టికెట్ పంచ్‌ని. అదేమిటని అడిగేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు గనక నేనే చెప్పేస్తాను. ఆర్టీసీ బస్సుల్లో మిషన్లు రాకముందు కండక్టరు కుడి అరచేతిలో టిక్కుటిక్కుమంటూ ఒక చిన్న ఇనప పటకారు ఉండేది కదా, అది నేనే. ఎక్కిన స్టేజీ అంకె మీద నేను చిల్లు పెడితేనే ఆ కాగితం టికెట్టు. పెట్టకపోతే అది పకోడీల పొట్లానికి కూడా చాలని ముక్క. ఈ మాట కాస్త గర్వంగా చెబుతున్నానని మీకు అనిపిస్తే అవును, గర్వంగానే చెబుతున్నాను. లక్షల మందిని గమ్యం చేర్చిన చిల్లులు నావి. మీలో ఎంతమంది అలా చెప్పుకోగలరు?

నేను పుట్టింది ఎక్కడో ఉత్తరాదిన, రేకుల షెడ్డు కింద. నన్ను అరగదీసినవాడు ఆరోజు పరధ్యానంలో ఉన్నాడో ఏమో, నా పంటికి పైవైపు చిన్న నొక్కు మిగిల్చాడు. అందుకే నేను కొట్టే చిల్లు నిండు గుండ్రంగా ఉండదు, ఒక పక్క ఎవరో కొరికినట్టు ఉంటుంది. తోటి పంచ్‌లు నవ్వాయి. నవ్వనీండి. తరవాత పార్వతీపురం డిపోలో నా చిల్లుని మైలు దూరం నుంచి గుర్తుపట్టేవారు. వాటి చిల్లుల్ని ఎవరు గుర్తుపట్టారు కనుక!

మొదట నన్ను చేతబట్టినవాడు అప్పన్న అనే కండక్టరు. మనిషి వెన్న. ఎవరైనా "డబ్బుల్లేవు బావూ" అంటే చాలు, "పోనీలే, కూకో" అనేవాడు. చెకింగ్ వాళ్ళు పట్టుకున్నప్పుడల్లా కేసు ఆయన మీద పడేది. మీకు తెలియదేమో, బస్సులో టికెట్టు లేనివాడు దొరికితే వాడికి జరిమానాతో సరిపోతుంది, కండక్టరు సర్వీసు పుస్తకంలో మాత్రం మచ్చ మిగిలిపోతుంది. దాన్నే కేసు అంటారు. అప్పన్నకి అలాంటివి నాలుగున్నాయి. ఇది చాలక, తీరిక దొరికినప్పుడల్లా నాతో వేరుశనక్కాయలు ఒలిచేవాడు. పదకొండేళ్ళు ఆ అవమానం భరించాను. ఆయన రిటైరైన రోజున డిపో అంతా కళ్ళు తుడుచుకుంది, నేను మాత్రం హమ్మయ్య అనుకున్నాను.

ఆ తరవాత స్టోరు గుమాస్తా నన్ను వరహాలమ్మ చేతిలో పెట్టాడు. ఆడవాళ్ళని కండక్టర్లుగా తీసుకోవడం అప్పుడే మొదలైంది. ఖాకీ చొక్కా భుజాల దగ్గర వదులు, చెయ్యి చిన్నది, కానీ పట్టుకుంటే ఉందీ, ఉడుం పట్టు. మొదటి రోజునే నన్ను కిరసనాయిలులో ముంచి, శనక్కాయ పొట్టంతా సూదితో గీకి, పాత చీరముక్కతో తుడిచింది. ఆరోజే అనుకున్నాను, ఇన్నాళ్ళకి నా విలువ తెలిసినవాళ్ళ చేతిలో పడ్డానని.

ఆ బస్సుల సంగతి ఏమని చెప్పను! సాలూరు సంతకి వెళ్ళే బస్సులో కోళ్ళు, గంపలు, చింతపండు మూటలు, మధ్యలో ఎక్కడో మనుషులు. ఏ పిల్లాడికీ ఐదేళ్ళు నిండవు. మీసాలు మొలుస్తున్నా నిండవు. స్టేజీ దగ్గర పడేసరికి కొందరికి ఉన్నట్టుండి నిద్ర ముంచుకొస్తుంది. వరహాలమ్మ వాళ్ళ చెవి దగ్గర నన్ను టిక్కుమనిపించేది, కుంభకర్ణుడైనా లేవాల్సిందే. "నోటిమాటకి బండి నడవదు బాబూ, టికెట్టుకి నడుస్తాది" అనేది. ఇరవై ఏడేళ్ళ సర్వీసులో ఆమె మీద ఒక్క కేసు లేదు. ఒక్కటంటే ఒక్కటి. ఉత్తమ కండక్టరని శాలువా కప్పినప్పుడు ఆ శాలువా కింద, ఆమె గుప్పిట్లో, నేనున్నాను.

ఆమె మొగుడు తవిటినాయుడు అదే డిపోలో డ్రైవరు. సరదా మనిషి, మాట తొందర. భార్యాభర్తలకి ఒకే బండి మీద డ్యూటీ వెయ్యరు గనక ఆయన ఇంటికొచ్చేసరికి ఈమె బయల్దేరేది. గుమ్మంలో ఎదురుపడి "అన్నం కుండలో ఉంది", "గేసు అయిపోయింది" అనుకోవడమే వాళ్ళ కాపురం. 

ఒకసారి మాత్రం గట్టి గొడవైంది. ఆర్టీసీ వాళ్ళకి పాసుంటుంది. పాసు ఇంట్లో మర్చిపోయినవాడు, అసలు పాసే లేనివాడు, డ్రైవరు మేనత్త కొడుకు, వీళ్ళంతా కండక్టరుతో ఒకే మాట అంటారు, "స్టాఫ్" అని. ఆ మాట అన్నవాడి జోలికి ఎవరూ వెళ్ళరు. సెలవురోజు తవిటినాయుడు లుంగీ మీద, తోటకూర కట్టలతో, ఆమె బస్సే ఎక్కాడు. ఆమె దగ్గరికి రాగానే నవ్వుతూ "స్టాఫ్" అన్నాడు. ఆమె నవ్వలేదు. "పాసేది?" అంది. "ఇంటికాడుంది, నీకు తెల్దేటే!" అన్నాడు. నేను టిక్కుమన్నాను. బస్సంతా గొల్లున నవ్వింది. ఆయన టికెట్టు తీసుకుని, తోటకూర సీటు మీదే వదిలేసి దిగిపోయాడు. తొమ్మిది రోజులు ఇంట్లో మాటల్లేవు. నాకైతే ఆరోజు ఛాతీ ఉబ్బిపోయింది, ఛాతీ ఉంటే.

తరవాత మిషన్లు వచ్చాయి. నొక్కితే కాగితం కక్కే నల్లడబ్బాలు. మమ్మల్నందర్నీ గోనెసంచిలో పోసి తుక్కు కింద అమ్మడానికి పెట్టారు. ఆ సంచిలో నేను ఏడవలేదని చెబితే అబద్ధం. వరహాలమ్మ డిపో మేనేజరు దగ్గరికి వెళ్ళి, దరఖాస్తు రాసి, తుక్కు ధర కట్టి, రసీదు తీసుకుని మరీ నన్ను సంచిలోంచి వెతికి తీసింది. జేబులో వేసుకుపోతే అడిగేవాడు లేడు, మిగతావాళ్ళు అలాగే పట్టుకుపోయారు కూడా. ఈమె రసీదు తీసుకుంది! ఆ రోజునుంచి ఆమె చేతిసంచిలో, తాళాలకీ అమృతాంజనానికీ మధ్య, నా చోటు నాది.

ఇద్దరూ రిటైరయ్యాక ఒక ఒప్పందానికి వచ్చారు. జన్మలో ఒక్కసారైనా ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ప్రయాణం చెయ్యాలి, ఆయన నడపకూడదు, ఈమె టికెట్లు కొట్టకూడదు. ఎక్కడికంటే తవిటినాయుడి దగ్గర జవాబు తయారుగా ఉంది. ఫోనులో ఏదో వీడియో చూశాడట, ప్రాగ్ అనే ఊళ్ళో స్టీరింగు లేని బండ్లు వీధుల్లో మలుపులు తిరుగుతున్నాయని. "స్టీరింగు లేకుండా బండెలా తిరుగుతాదో సూసి సచ్చిపోవాల" అన్నాడు. "సూసి తిరిగొచ్చెయ్యాల అనండి" అంది ఆమె. అలా విశాఖపట్నం నుంచి బయల్దేరిన ఒక టూరులో చేరారు. నేను పెద్ద సూట్‌కేసులో, ఆవకాయ సీసా పక్కన, విమానం ఎక్కాను, దిగాక మళ్ళీ చేతిసంచిలోకి మారాను. డిపో మొత్తంలో విమానమెక్కిన పంచ్‌ని నేనొక్కదాన్నే, ఈ సంగతి కూడా రాసుకోండి.

ఊరు దిగిన మొదటి రోజు టూరువాళ్ళంతా కోట ముందు నిలబడి ఫోటోలు దిగుతుంటే మావాళ్ళిద్దరూ కోటకి వీపు పెట్టి రోడ్డు మీద పట్టాలు చూస్తూ నిలబడ్డారు. పట్టా ఎక్కడ చీలుతుందో, బండి ఏ చీలికలోకి పోవాలో ఎవరు చెబుతారో కనుక్కోవడానికి తవిటినాయుడు ముప్పావుగంట రోడ్డు పక్కన గొంతుక్కూర్చున్నాడు. అటుగా పోతున్న ఒకావిడ, ఒంట్లో బాగాలేదనుకుని, నీళ్ళసీసా ఇచ్చింది.

వరహాలమ్మ చూపు వేరు. "ఈల్లు బట్టలెక్కడ ఆరేస్తారండీ? ఒక్క డాబా మీదా ఒక్క చీరముక్క లేదు, ఏ కిటికీలో సూసినా పూలకుండీలే" అంది. రోడ్డు మీద ఒక్క బండి రాకపోయినా ఎర్రలైటు ఉంటే జనం బొమ్మల్లా ఆగిపోవడం చూసి ఆగింది, చుట్టూ చూసింది, పచ్చలైటు వచ్చాక వాళ్ళతోపాటు దాటి, అవతల గట్టున నిలబడి, "మనూళ్ళో ఒక్కపూట ఇలాగ ఆగితే నాకు ఎంత గొంతు మిగిలేదో" అంది. భోజనంలో ముక్కలు కోసిన తెల్లటి ముద్దలాంటిది పెట్టారు. తవిటినాయుడు సంబరంగా "ఇడ్డెనే!" అని నోట్లో పెట్టుకుని, మింగడానికి నీళ్ళు వెతుక్కున్నాడు. సూట్‌కేసులో నా పక్కనున్న ఆవకాయ సీసా అప్పుడు తన గొప్ప చూపించుకుంది. సీసా గొప్పలు నాకు నచ్చవు, వదిలేద్దాం.

రెండో రోజు టూరువాళ్ళకి బజారు, మావాళ్ళకి ట్రాము. హోటలు కౌంటరులో రెండు కాగితం టికెట్లు కొన్నారు. ఆ టికెట్టుని ఏం చెయ్యాలో ముందురోజే టూరు మేనేజరు మైకులో చెప్పాడు. చెప్పేటప్పుడు వీళ్ళిద్దరూ కిటికీకి ముక్కులు ఆనించి ఎదురొస్తున్న ట్రాముని చూస్తున్నారు. 

ఎర్రటి ట్రాము వచ్చి ఆగింది. ఎక్కారు. ఎక్కగానే ఒక కుర్రది లేచి వరహాలమ్మకి సీటిచ్చింది, అడక్కుండానే, మొహం కూడా చూడకుండా. ఇరవై ఏడేళ్ళు సీటు ఎదురుగా ఉన్నా నిలబడి ప్రయాణం చేసిన మనిషి, కూర్చోవడానికి ఒక్క క్షణం మొహమాటపడింది. తవిటినాయుడు తిన్నగా ముందుకెళ్ళి డ్రైవరు అద్దాల గదికి ఆనుకుని నిలబడ్డాడు. రెండు మలుపులు చూసి పరిగెత్తుకుంటూ వచ్చాడు. "వరాలూ, చేత్తో ఏటీ తిప్పడే! ఒక్క పిడి ముందుకీ ఎనక్కీ తోస్తాడంతే. ఈడికి భుజాల నొప్పులుండవు!" ఆయన మొహంలో ఆ సంతోషం చూసి ఆమె కూడా నవ్వింది. ట్రాములో ఎవరూ మాట్లాడుకోవడం లేదు. మూతికి చిక్కం కట్టిన ఒక నల్లకుక్క బుద్ధిగా కూర్చుని కిటికీలోంచి చూస్తోంది. "దీనికి టికెట్టుందంటారా?" అంది వరహాలమ్మ.

అన్నదే గాని, అక్కడినుంచి ఆమెకి కుదురు లేదు. చేతిలో రెండు టికెట్లు పట్టుకుని అటూ ఇటూ చూస్తోంది. కండక్టరు రాడేం? ఒక స్టేజీ అయింది. రెండైంది. స్తంభానికి పసుప్పచ్చ డబ్బా ఒకటి బిగించి ఉంది గాని, పాసులున్న జనం కాబోలు, దాని మొహం ఎవరూ చూడటం లేదు. తవిటినాయుడు దాన్ని ఉత్తరాల డబ్బా అని తేల్చేశాడు.

"ఏటండీ, ఇది చిల్లు పడని టికెట్టు. ఇలాగే దిగిపోతే రేపూ ఇదే పట్టుకుని ఎక్కొచ్చు. అది దొంగతనం కాదేటి?"

"ఎవుడడుగుతాడే? కూకో."

"ఎవులూ అడక్కపోతే మరీ తప్పండి."

అని సంచిలో చెయ్యి పెట్టింది. తాళాలు పక్కకి జరిగాయి. పదిహేనేళ్ళ తరవాత ఆ వేళ్ళు నా చుట్టూ పని కోసం బిగిశాయి. నాకు ఒళ్ళు ఝల్లుమంది. పరాయి దేశం, పరాయి కాగితం, పరాయి అక్షరాలు. అయితేనేం? టిక్, టిక్. రెండు టికెట్ల మీద రెండు చిల్లులు, పైన నొక్కుతో సహా, అచ్చం పార్వతీపురం చిల్లులే. వరహాలమ్మ ఆ కాగితాలని వెలుతురుకి పెట్టి చూసి, హాయిగా వెనక్కి వాలింది. ఆ క్షణాన ఆ ట్రాము నడుపుతున్నది నేనే అనిపించింది.

నాలుగో స్టేజీలో ఇద్దరు ఎక్కారు. ముందు తలుపులో నెరిసిన మీసాలాయన, వెనక తలుపులో జీన్సు వేసుకున్న అమ్మాయి. మామూలు బట్టలు, మామూలు మొహాలు. ట్రాములో ఎవరూ పట్టించుకోలేదు. వరహాలమ్మ మాత్రం చటుక్కున నిటారుగా కూర్చుంది.

"సెకింగోల్లండి" అంది.

"నీకెలా తెల్సే?"

"రెండు తలుపుల్లోనూ ఒకేపాలి ఎక్కినారు సూడండి."

మీసాలాయన జేబులోంచి బిళ్ళ తీసి చూపించాడు. చెకింగ్ వాళ్ళే! చెకింగ్‌ని చూసి సంబరపడ్డ మనిషి ఆ బండిలో ఆమె ఒక్కతే. టికెట్లు ఆయన అడక్కముందే చాచి పట్టుకుంది, పరీక్షలో అన్నీ రాసేసిన పిల్లలాగా.

నెరిసిన మీసాలాయన టికెట్లు తీసుకున్నాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. వెలుతురుకి ఎత్తి నా చిల్లులోంచి చూశాడు. ఆ చిల్లులో ఆయన కన్ను నాకు కనిపించింది, నీలం కన్ను.

"వాట్ ఈజ్ దిస్?"

"పంచ్ సార్" అని వరహాలమ్మ నన్ను తీసి చూపించింది. "నో కండక్టర్. సో, ఐ పంచ్."

ట్రాములో తలలన్నీ తిరిగాయి. కుక్క కూడా చూసింది. ఆయన నన్ను చేతిలోకి తీసుకుని గాల్లో రెండుసార్లు టిక్కుమనిపించాడు, మీసాల కింద నవ్వు వచ్చింది. ఆ తరవాత ఆ నవ్వు తీసేసి, నన్ను ఆమెకి తిరిగిచ్చి, పసుప్పచ్చ డబ్బా చూపించాడు. టికెట్టు అందులో పెట్టాలి, అది తేదీ, సమయం అచ్చు గుద్దుతుంది, అది లేకపోతే ఈ టికెట్టు చెల్లదు. వచ్చీరాని ఇంగ్లీషులో ఆయన చెప్పింది ఇదీ. చెల్లదన్న మాట వరహాలమ్మకి బాగానే అర్థమైంది. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇరవై ఏడేళ్ళు ఒక్క కేసు లేని మనిషి, పట్టపగలు, నలుగురి మధ్య, టికెట్టు లేని ప్రయాణికురాలిగా దొరికిపోయింది. పట్టించింది ఎవరు? నేను. నా చిల్లు. తుక్కు సంచిలో ఉండిపోయినా బాగుండేదనిపించింది.

తవిటినాయుడు తట్టుకోలేకపోయాడు. రెండు చేతులూ ఊపుతూ ముందుకొచ్చాడు.

"సార్! స్టాఫ్, స్టాఫ్! ఐ డ్రైవర్, బస్ డ్రైవర్. షీ కండక్టర్. ఇండియా! స్టాఫ్ సార్!"

ఫోనులో ఖాకీ చొక్కాల ఫోటో చూపించాడు, బస్సు ముందు తను, బస్సు మెట్టు మీద ఆమె. నెరిసిన మీసాలాయన ఫోటో చూశాడు. ఆయన మొహం విప్పారిపోయింది. గుండె మీద చెయ్యి వేసుకుని, ఆ తరవాత గాల్లో ఒక పిడిని ముందుకీ వెనక్కీ తోసి చూపించాడు. ఆయన కూడా ఒకప్పుడు ట్రాము డ్రైవరే! ఇద్దరు డ్రైవర్లూ భుజాలు తట్టుకున్నారు. జీన్సు అమ్మాయి కూడా నవ్వింది. ఆయన టికెట్లు వరహాలమ్మకి తిరిగిచ్చేస్తూ, "ఓకే, ఓకే. నో ప్రాబ్లెమ్" అన్నాడు, ఇప్పుడు ఆ డబ్బాలో గుద్దుకోండి చాలు అని సైగ చేశాడు.

"బతికిపోనాం" అని తవిటినాయుడు ఊపిరి వదిలాడు. 

వరహాలమ్మ చెయ్యి చాపలేదు.

"నో స్టాఫ్ సార్" అంది, జరిమానా రాయమని చేత్తో సైగ చేస్తూ. "రైట్ ఫైన్. టూ టికెట్. టూ ఫైన్."

"నీకు మతి గాని పోయిందేటే? ఆయనే వదిలేస్తంటే!"

"కండక్టర్నని వదిలేస్తన్నారు. అది నాకొద్దండి. మైకులో సెప్పినారు, నానే ఇనలేదు."

"తెలక చేసినావు! తెలక చేసినోల్లని దేవుడు కూడా వదిలేస్తాడు."

ఆ మాటకి ఆమె సీట్లోంచి లేచి నిలబడింది. ఇంగ్లీషు ఎటో పోయింది. నెరిసిన మీసాలాయన వైపు తిరిగి తెలుగులోనే మొదలుపెట్టింది.

"ఆయమ్మకీ తెల్దు బాబూ. ఎప్పుడో నా బస్సెక్కిన కొండమీద మనిషి, సంకలో పిల్ల. పొద్దున కొన్న టికెట్టు తిరిగెల్లడానికి కూడా పనికొస్తాదనుకుంది. మరి డబ్బుల్లేవు. నాకు తెల్దమ్మా, తెల్దమ్మా అని రెండు సేతులూ ఎత్తి దండం పెట్టింది. రూలంటే రూలని వానలో దింపీసినాను. ఇయాల నాకు తెల్దంటే నన్నొదిలెస్తారా? అలాగొదిలెస్తే ఆయమ్మకి నానేటి సెప్పాల?"

ఇన్ని గొప్పలు చెప్పినదాన్ని, ఈ సంగతి మీకు చెప్పలేదు. గర్వం అడ్డొచ్చింది. ఆరోజు నేనూ అక్కడే ఉన్నాను. ఆ కొండమనిషి వరహాలమ్మకి చాచిన టికెట్టు మీద చిల్లుంది. నా చిల్లే, పొద్దున నేను కొట్టిందే. ఆవిడ కూడా అడక్కముందే చాచింది, ధైర్యంగా, అన్నీ సరిగ్గా చేశానన్న మొహంతో. బస్సులో అందరూ కిటికీల్లోంచి వాన చూశారు. నేను మాత్రం, రూలు నెగ్గిందని, ఆమె గుప్పిట్లో పొంగిపోతూ కూర్చున్నాను. ఈ మాట చెప్పడానికి ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంది.

నెరిసిన మీసాలాయనకి ఒక్క ముక్క తెలుగు రాదు. కానీ ఆయన ఆమె మొహం చూశాడు, ఆమె కళ్ళు చూశాడు, వాదించలేదు. పుస్తకం తీసి రెండు చీటీలు రాశాడు. తవిటినాయుడు పర్సు తీసి డబ్బు కట్టాడు. వరహాలమ్మ చీటీలు అందుకుని, కళ్ళు తుడుచుకుని, పై నుంచి కిందికి చదివింది. చదవడం ఏముంది, ఆ అక్షరాలు ఎవరికి వచ్చు? గడులు చూసింది. ఒక గడి మీద వేలు పెట్టి, తన చేతి గడియారం చూపించింది. ఆయన సమయం రాయడం మర్చిపోయాడు! ఎర్రబడిపోయి, రాసిచ్చాడు. ఇచ్చి, రెండు మడమలూ దగ్గరికి చేర్చి, తల వంచి నమస్కారంలాంటిది ఏదో చేశాడు. శాలువా రోజున కూడా ఆమెకి అంత మర్యాద జరగలేదు.

ఇరవై ఏడేళ్ళ సర్వీసు తరవాత ఆమె మీద కేసు పడింది, తనే అడిగి రాయించుకున్న కేసు. అందులో సాక్ష్యం నా చిల్లు. నా జన్మలో అంతకన్నా గొప్ప చిల్లు నేను కొట్టలేదు, ఎవరేమనుకున్నా సరే.

తరవాతి స్టాపులో దిగిపోయారు. హోటలు ఇంకా చాలా దూరం. వెనకాలే ఇంకో ట్రాము వస్తోంది.

"నడుద్దామండీ" అంది వరహాలమ్మ. మోకాళ్ళు నొప్పులని పొద్దుటినుంచి అమృతాంజనం రాసుకుంటున్న మనిషి.

తవిటినాయుడు ఆమె సంచి తీసుకుని తన భుజానికి తగిలించుకున్నాడు. పట్టాల వెంబడి నడక మొదలుపెట్టారు. కొంత దూరం పోయాక అడిగాడు.

"ఎక్కడ దింపీసినావు?"

"కొత్తవలస మలుపు కాడ. అక్కడ్నించి ఆయమ్మ ఊరు తొమ్మిది కిలోమీటర్లు."

"ఆ తోవ నాకు తెల్సు" అన్నాడు. నాలుగడుగులు వేసి, "మద్దెలో గెడ్డ దాటాల" అన్నాడు.

"దాటాల. ఆరోజు నీల్లు నడుంకాడికొచ్చుంటాయి."

ఆమె నన్ను సంచిలో వెయ్యలేదు, గుప్పిట్లోనే పట్టుకుని నడిచింది. రాళ్ళు పరిచిన రోడ్డు, ఎగుడుదిగుడు. ఆమె ఆగినచోటల్లా ఆయన ఆగాడు. ఎర్ర ట్రాములు ఒకదాని వెనక ఒకటి వాళ్ళని దాటుకుంటూ వెళ్ళాయి, హోటలు గుమ్మం దాకా ఆయన ఒక్కదాని వైపు కూడా తల తిప్పలేదు.